బైరవంక గొంతులు

భరణి కార్తె

సద్దు కాపరి పని చేసే ప్రతివాళ్ళూ తమ తర్వాత వచ్చేవాళ్ళ కోసం నాలుగు ముక్కలు రాసిపెట్టడం బైరవంకలో ఆనవాయితీ. అడవి హద్దును చూసుకునే వలయం ఆఫీసుకు ఈ రాతలతో సంబంధం లేదు. నాకు ముందు ఈ పని చేసిన మా అత్త కార్తెకో వాక్యం రాసింది, అందులోనూ సగం తన మోకాళ్ళ గురించే. నా పేరు ఓబుళమ్మ. నోటితో ఎంత పొదుపో చేతితో అంత వాగుడుకాయను, చదివేవాళ్ళు కాస్త ఓపిక పట్టాలి.

ముందు పని చెబుతాను. మన ఊరికీ నల్లమల అడవికీ మధ్య హద్దులో చెవి ఉంటుంది. తాటిచెట్టంత స్తంభం, నెత్తిన దీపం. ఊళ్ళో మాట్లాడే గొంతుల్ని అది విని, గొంతుకొక మనిషి చొప్పున లెక్క కడుతుంది. గుసగుస దానికి అందదు. దగ్గు, గురక, పసిపిల్లల ఏడుపు దానికి పట్టవు. మాట ఒక్కటే లెక్క. దీపం పచ్చగా ఉంటే ఊరు అడవికి బరువు కాదని అర్థం. పసుపు వస్తే గొంతుల లెక్క మితి దాటబోతోందని. ఎరుపు వస్తే ఊరిని ఖాళీ చేయించే లారీలొస్తాయి. నా చిన్నప్పుడు పక్కనే ఉన్న గట్టుపల్లెకు తిరునాళ్ళ నాడు ఎర్రదీపం వెలిగింది. ఇప్పుడు అక్కడ దుప్పులు మేస్తున్నాయి.

అందుకని మనం గొంతెత్తం. ఎద్దు మెడలో గంటకు నాలుక ఉండదు, రోకలికి గుడ్డ చుడతాం. పెళ్ళిలో మేళానికి బదులు చుట్టాలంతా అరచేతులు రుద్దుతారు. ఇంటికీ ఇంటికీ మధ్య ఒక తాడు కట్టి ఉంటుంది, ఒకసారి లాగితే ‘రా’, రెండుసార్లు లాగితే ‘ఆగు’. పొద్దున్నే ఊరంతా తిరిగి కిర్రుమనే తలుపులకు నూనె వేయడం, కిర్రుమనే మనుషుల్ని గదమాయించడం సద్దు కాపరి పని. రెండోది చాలా మెల్లగా చేయాలి.

కృత్తిక కార్తె

ఈ రోజు ఊళ్ళోకి మనుషులొచ్చారు. పది పన్నెండు ఇళ్ళవాళ్ళు. సముద్రం దివిసీమను మింగాక, మైదానంలో డేరాల్లో ఉంటూ, ఎండకు తాళలేక నడుచుకుంటూ వచ్చారట. ఇప్పుడు ఎవరైనా వచ్చేది అడవి అంచుకే కదా. నీళ్ళూ నీడా ఇంకెక్కడున్నాయి.

వాళ్ళ పెద్ద నాంచారయ్య అనే చేపలు పట్టే మనిషి. మా మరిది మద్దిలేటి, అంటే ఊరి పెద్ద, ఎదురెళ్ళి ‘ఏమి పని’ అని చేత్తో అడిగాడు. నాంచారయ్య నోరు తెరిచాడు.

“మాది దివండీ. ఊరు నీళ్ళ కిందుందండీ. ఈవిడ మా ఇంటిది, సీతారావమ్మ. డేరాల్లో ఆ ఎండకి రొమ్ము పట్టేసిందండీ. పోయిన రోహిణికి మా పెద్దోడు పోయాడు. ఇంకో రోహిణి అక్కడుంటే ఈవిడా దక్కదండీ.”

పడవలో ఉండి ఒడ్డు మీదివాళ్ళతో మాట్లాడే గొంతు అది. చెట్ల మీది కొంగలు లేచిపోయాయి. చెవి మీద పచ్చదీపం ఒక్క క్షణం పసుపై మళ్ళీ పచ్చబడింది. నేను చెంగు అతని నోటికి అడ్డం పెట్టాను. పరాయి మగవాడి నోరు మూయడం ఈ వయసులో రాసి పెట్టి ఉంది నాకు.

మన ఊళ్ళో సగం ఇళ్ళు ఖాళీ. పడుచువాళ్ళంతా చల్లటి కొండ ఊళ్ళకు పనులకు వెళ్ళారు, తిరిగి రారు. ఇళ్ళుండగా మనుషుల్ని ఎండలోకి తోలడం నావల్ల కాదని గుసగుసగా చెప్పాను. మద్దిలేటి చాలాసేపు గడ్డం గోక్కుని, “ఉండనీలే వదినా. కాని వాళ్ళ గొంతు మాత్రం చెవికి తగలకూడదు. తగిలితే ఎర్రదీపమే, అందరం పోతాం” అన్నాడు.

రోహిణి కార్తె

రోహిణిలో రోళ్ళు పగులుతాయంటారు. రోళ్ళ సంగతేమో, నా సహనం పగిలింది. వీళ్ళకు మెల్లగా మాట్లాడటమంటే ఏమిటో తెలియదు. నాంచారయ్య గుసగుస మన మద్దిలేటి కేకంత ఉంటుంది. చేపకూర వాసన మెచ్చుకోవాలన్నా అరుపే, ముల్లు గుచ్చుకున్నా అరుపే. దీపం వారమంతా పసుపులోనే ఉంది. తిండి సయించక నేను చిక్కిపోయాను.

సీతారావమ్మను మా అన్న ఇంట్లో ఉంచాను. అది ఖాళీగా ఉంది, అడవి గాలి సూటిగా తగులుతుంది. రోజూ పొద్దున జొన్నంబలి పట్టుకెళ్తున్నాను. ఆమె దగ్గు కొంచెం తగ్గింది. నా చెవి దగ్గర నోరు పెట్టి, “అక్కయ్యా, మావల్ల మీ ఊరు పోతే మేం ఏ మొకం పెట్టుకు బతకాలి?” అంది. ముందు అంబలి తాగమన్నాను.

నాంచారయ్య నిన్న మన తాళ్ళను చూశాడు. రెండు మూడుసార్లు లాగి, జాలిపడినట్టు నా వంక చూశాడు. సముద్రం మీద గాలి హోరులో మాట వినపడదట. పడవకీ పడవకీ మధ్య తాడు లాగే తీరుతోనే వాళ్ళు అన్నీ చెప్పుకుంటారట, వల బరువెక్కిందనీ, నీరు తిరిగిందనీ, అన్నం మూట విప్పమనీ. “మీది మూగతాడక్కయ్యా. నాకిచ్చెయ్యండి, మాట నేర్పిస్తా” అన్నాడు. అతని చేతుల్లో తాడు నిజంగానే వేరుగా కదిలింది. నేను ఎంత సంబరపడ్డానో రాయకపోతే అబద్ధమవుతుంది.

మృగశిర కార్తె

మొదటి వాన పడింది, ముంగిళ్ళు చల్లబడ్డాయి. దీపం పచ్చగా, మామిడాకు రంగులో ఉంది.

ఊరంతా తాళ్ళే ఇప్పుడు. నాంచారయ్య పాత తాళ్ళు విప్పి కొత్తవి పేని కట్టాడు, పొలాల దాకా లాక్కెళ్ళాడు. పొట్టి లాగుడు, పొడుగు లాగుడు, వణుకు, జారుడు. ఎవరి ఆవు ఈనిందో, ఎవరి పప్పు మాడిందో వీధి చివరివాళ్ళకు వెంటనే తెలిసిపోతోంది. మద్దిలేటి నాతో తాడు మీదే పోట్లాట పెట్టుకున్నాడు, మా కొట్టం నీళ్ళు తన వాకిట్లోకి వస్తున్నాయని. నేను తాడును గట్టిగా ఒక్క గుంజు గుంజాను. దానికి దివివాళ్ళ భాషలో అర్థం లేదు గానీ అతనికి అర్థమైంది.

దివివాళ్ళ గొంతులు ఆగాయి. వాళ్ళను చూసి మనవాళ్ళకు రోషం పుట్టింది. నిన్నగాక మొన్న వచ్చినవాళ్ళు ఇంత మౌనంగా ఉంటే తరతరాల మౌనం మనది, తగ్గుతామా? ఏ ఇంట్లో ముందు మాట బయటికొస్తే ఆ ఇంటికి చిన్నతనం అన్నట్టుగా తయారైంది. ఇళ్ళల్లో కూడా సైగలూ గుసగుసలే. నేను ఎవర్నీ గదమాయించాల్సిన పని లేదు. ఉత్త నూనెగిన్నె పట్టుకుని తిరుగుతున్నాను. ఇంత మంచి సద్దు కాపరి బైరవంకకు ఇంతకు ముందు లేదని నాలో నేను అనుకున్నాను, మా అత్త క్షమించాలి.

ఆరుద్ర కార్తె

దీపం ఆరిపోయింది.

పచ్చా కాదు, పసుపూ కాదు. మద్దిలేటి ‘బల్బు పోయింది’ అని తాడు లాగాడు. సరే అనుకున్నాం. ఎర్ర ఆరుద్ర పురుగులు చేలో తిరుగుతున్నాయి, విత్తనం పని మీద పడ్డాం. రెండో రోజు అడవి నుంచి వచ్చే గొట్టంలో నీళ్ళు ఆగాయి. వాన నీళ్ళు పట్టుకున్నాం.

మూడో రోజు ఎండ్రకాయలు వచ్చాయి. మొక్కలు నాటే యంత్రాలు, వాటిని మనం ఎండ్రకాయలంటాం, దివివాళ్ళు పీతలంటారు. అవి అడవి లోపలే తిరుగుతాయి, ఊళ్ళోకి రావు. ఈసారి వరసగా వీధిలోకి వచ్చి, బండిబాటలో గుంటలు తీసి మొక్కలు పెట్టడం మొదలుపెట్టాయి. నా గడప ముందు ఒక నల్లమద్ది మొక్క నాటి, నీళ్ళు పోసి, నన్ను తప్పుకుని వెళ్ళిపోయాయి. నేనేదో పుట్ట అయినట్టు. అడవి నాటిన మొక్క మీద చెయ్యి వేస్తే లారీ ఎక్కాల్సిందేనని అందరికీ తెలుసు కాబట్టి, ఇప్పుడు నేను పక్కకు జరిగి ఇంట్లోకి వెళ్తున్నాను.

సాయంత్రానికి అవి చెవిని కూడా పెకలించి మోసుకెళ్ళాయి. ఊరు దాటి, చేలు దాటి, వంక అవతలి గట్టున పాతాయి. అంటే హద్దు మనల్ని దాటి వెళ్ళింది. మనం ఉన్నది ఇప్పుడు అడవి.

ఆరుద్ర, చివరి రోజు

వలయం ఆఫీసు నుంచి ఇంతియాజ్ వచ్చాడు. మంచి పిల్లవాడు. చప్పుడు లేని కరెంటు బండి మీద వచ్చి, మమ్మల్ని చూసి బండి దిగడం మర్చిపోయాడు.

“ఓబుళమ్మక్కా, మీరందరూ ఈడనే ఉండారా?”

“యాడికి పోతాం నాయనా” అన్నాను. చాలా రోజుల తర్వాత మాట్లాడేసరికి నా గొంతు నాకే కొత్తగా వినిపించింది.

“కార్తె దినాలు ఒక్క గొంతు గూడా ఇనపడల్యా అక్కా. అట్లయితే అది ఖాళీ ఊరని లెక్క. ఖాళీ ఊర్ని అడవిలో కలుపుకుంటాది. సట్టం అదే.”

“అట్లాంటి సట్టం ఒకటుందని మాకు చెప్పినవాళ్ళు లేరే.”

“ఎవరికీ అక్కర పడల్యా. మనుషులు మాట్లాడకుండా ఉంటారని ఎవరనుకుంటారక్కా?”

ఎక్కువైతే ఏమవుతుందో తాతల నాటి నుంచి తెలుసు. తక్కువైతే ఏమవుతుందో కనుక్కున్నది మనమే. మద్దిలేటి తలకు కట్టుకున్న తువ్వాలు విప్పి మళ్ళీ కట్టాడు.

ఇంతియాజ్ దివివాళ్ళను చూశాడు, తాళ్ళనూ చూశాడు. “నేను సూసింది లెక్కలోకి రాదు, చెవి ఇన్నదే లెక్క” అన్నాడు. మొరపెట్టుకుంటే పుష్యమిలో ఒక వినికిడి రోజు ఇస్తారట. పొద్దున్నుంచి పొద్దుగుంకేలోగా ఎవరి గడపలో వాళ్ళు నిలబడి పేరు చెప్పాలి. అది చెవికి అందితే వాళ్ళు ఊరివాళ్ళు. చెవి దగ్గరికి నడిచి వెళ్ళి చెబితే బాటసారి కింద కొట్టేస్తుంది. చెవి మాత్రం వంక అవతలే ఉంటుంది, ఇప్పుడు హద్దు అదే మరి.

పునర్వసు కార్తె

ఊరంతా రచ్చబండ దగ్గర కూర్చున్నాం. మద్దిలేటి దివివాళ్ళ వైపు చూడకుండా మాట్లాడాడు.

“ఆ పొద్దు మనం అరుద్దాం. వాళ్ళు మాత్రం నోరెత్తకూడదు. ఇద్దరి గొంతులూ కలిస్తే ఎరుపే గదా. మనం ఊరయితే, వాళ్ళు ఎప్పట్లాగే మన చాటున ఉండొచ్చు.”

నాంచారయ్య తల దించుకుని, “అట్టాగేనండీ” అన్నాడు. ఆ మాట కూడా గుసగుసగానే. నాకు సిగ్గేసింది, కాని నేనూ సరేనన్నాను. సిగ్గు వేరు, ఇల్లు వేరు.

ఇక సాధన. చెవి ఎటూ దూరంగానే ఉంది కాబట్టి భయం లేదు. ఒకళ్ళు గడపలో నిలబడి అరవాలి, ఇంకొకళ్ళు వంక గట్టున నిలబడి వినాలి. మద్దిలేటి గుండె నిండా గాలి పీల్చి అరిస్తే పిల్లి తుమ్మినట్టు వచ్చింది. నా అరుపు మా వాకిట్లో కోడికి కూడా వినపడలేదు. మూడు తరాలుగా కేక వేసినవాళ్ళు లేరు ఊళ్ళో, కేక ఎక్కడి నుంచి వస్తుందో తెలిసినవాళ్ళూ లేరు.

నేర్పడానికి నాంచారయ్యే దిక్కయ్యాడు. తను అరవకూడదు, కాబట్టి మగవాళ్ళ పొట్ట మీద చెయ్యి వేసి నొక్కి చూపిస్తాడు. “గొంతుతో కాదండీ, ఇక్కణ్ణించి లాగాలి, వల లాగినట్టు” అంటాడు. సీతారావమ్మ ఆడవాళ్ళకు చూపించింది. అరవగలిగినవాళ్ళు నోరు కట్టుకుని, అరవలేనివాళ్ళకు అరవడం నేర్పారు. పది రోజులకు అందరి గొంతులూ బొంగురుపోయాయి, మిరియాల కషాయం ఖర్చు తప్ప ఫలితం లేదు.

పుష్యమి కార్తె, వినికిడి రోజు

పొద్దున్నే అందరం స్నానాలు చేసి గడపల్లో నిలబడ్డాం. వంక అవతల చెవి కనిపిస్తోంది. పేరు అందితే దీపం ఒకసారి మిణుకుమంటుందని ఇంతియాజ్ చెప్పాడు. వీధి చివర ఎండ్రకాయలు మొక్కలతో వరసగా ఆగి ఉన్నాయి.

మద్దిలేటి ముందు అరిచాడు. దీపం కదల్లేదు. మళ్ళీ అరిచాడు, మెడ నరాలు ఉబ్బాయి. కదల్లేదు. తర్వాత నేను. తర్వాత ఒక్కో ఇల్లే. గాలి కూడా ఎదురు తిరిగింది. మధ్యాహ్నానికి ఊరంతా దగ్గుతూ నీళ్ళు తాగుతోంది, దీపం మాత్రం గుడ్డిగానే ఉంది. నాకు ఏడుపొచ్చింది. మా ఆయన్ని తీసుకెళ్ళింది ఈ గడప మీంచే, మా పిల్లల్ని పంపింది ఈ గడప మీంచే. అలాంటి గడపలో నిలబడి నా పేరు నేను చెప్పుకోలేకపోయాను.

పొద్దు వాలుతుండగా మద్దిలేటి తన తాడు పట్టుకున్నాడు. ఎవరి కోసమో అర్థం కాలేదు. పొడుగ్గా ఒక్క లాగుడు లాగాడు. వల పైకి లాగమనడానికి దివివాళ్ళు లాగే లాగుడు అది. ఆ తాడు నాంచారయ్య ఇంటికి వెళ్తుంది.

నాంచారయ్య బయటికి వచ్చి మద్దిలేటి మొహంలోకి చూశాడు. మద్దిలేటి తలూపాడు. ఈలోగా సీతారావమ్మ మా అన్న ఇంటి గడపలోకి వచ్చి, ద్వారబంధం పట్టుకుని, వంక వైపు తిరిగింది.

“నేను సీతారావమ్మనీ. ఈడనే ఉంటన్నానూ.”

దీపం మిణుకుమంది. ఆమె వెంట నాంచారయ్య, అతని వెంట దివివాళ్ళందరూ. ఇన్నాళ్ళు బిగబట్టిన గొంతులు ఒకదాని మీద ఒకటి లేచాయి. దీపం ఆగకుండా మిణుకుమంది, చివరికి పచ్చగా నిలిచింది. ఎండ్రకాయలు వెనక్కి తిరిగాయి. మనవాళ్ళు చప్పట్లు కొట్టడం రాక అరచేతులు రుద్దారు.

ఆశ్లేష కార్తె

ఇంతియాజ్ తీర్పు తెచ్చాడు. బైరవంక ఊరే. గొట్టంలో నీళ్ళొస్తాయి. బాటలో నాటిన మొక్కలు మాత్రం అడవివే, వాటిని తప్పుకుని నడవాలి.

తర్వాత అతను మా కళ్ళలోకి చూడకుండా మిగతాది చెప్పాడు. చెవి లెక్క ప్రకారం ఊరివాళ్ళంటే దివివాళ్ళే. ఊరి పెద్ద నాంచారయ్య. మేమెవ్వరం లెక్కలో లేం. పరాయివాళ్ళు ఊళ్ళో ఉంటే లారీ రావాలి.

“ఒకటే దారుండాదక్కా. పసిబిడ్డలూ, మంచాన పడినోళ్ళూ, గొంతు లేనోళ్ళుంటారు గదా. ఊరోళ్ళు వాళ్ళని తమ ఇంటోళ్ళని గడపలో నిలబడి చెవికి చెప్పొచ్చు. కాని వాళ్ళు తాగే నీళ్ళు చెప్పినోళ్ళ వాటాలోంచే పోతాయి. కొత్త వాటా రాదు.”

మా పేర్లు చెప్పమని దివివాళ్ళను మేం అడగలేకపోయాం. మాటకు అలవాటు లేక కాదు, అడగడానికి మొహం లేక. వాళ్ళు నోరు మూసుకుంటే ఊరు మొత్తం వాళ్ళది. ఇళ్ళు, చేలు, నీళ్ళు అన్నీ. వాళ్ళను నోరు మూసుకోమన్నది మేమే, ఆ రోజు సరేనన్నవాళ్ళలో నేనూ ఉన్నాను. మద్దిలేటి నేల చూపులు చూస్తున్నాడు. నేను అప్పుడే మనసులో మూట కట్టుకుంటున్నాను, ఏ గిన్నె వదిలేయాలి, ఏది తీసుకెళ్ళాలి అని.

ఇంతియాజ్ నాంచారయ్యను అడిగాడు. “పెద్దాయనా, ఈడ కనపడే మిగతావాళ్ళంతా ఎవరు?”

నాంచారయ్య నోరు తెరిచేలోగా సీతారావమ్మ గడపలోకి వచ్చింది.

“మా వాళ్ళేనండీ.”

“అందరూనా అమ్మా? ఒక్కొక్కరినీ పేరు పెట్టి చెప్పల్ల. నీళ్ళ సంగతి ఇన్నావు గదా.”

“ఇన్నానండీ” అని ఆమె వంక వైపు తిరిగింది. వేలు మద్దిలేటి వైపు చూపించింది. అతను చూపు పైకెత్తలేదు. “మద్దిలేటీ. మా అన్నయ్యా” అని అరిచింది. దీపం మిణుకుమంది. తర్వాత పక్కింటి ముసలాయన, ఆయన భార్య, వాళ్ళ కోడలు. బాబాయి, పిన్ని, వదిన. ఒక్కో పేరుకీ ఒక్కో చుట్టరికం వెతికి, ఊపిరి చాలక మధ్యలో ద్వారబంధానికి ఆనుకుని దగ్గుతూ, మళ్ళీ నిలబడి చెప్పుకుంటూ పోయింది. నేను వెళ్ళి నడుం పట్టుకున్నాను. చాలు, కూర్చోమన్నాను. నా మాట ఆమెకు వినపడిందో లేదో తెలియదు.

అందరూ అయ్యాక ఆమె నా చెయ్యి పట్టుకుని, కడుపులోంచి గాలి లాగింది.

“ఓబుళమ్మా. మా ఆడపడుచూ.”

నా పేరు వంక దాటడం అదే మొదటిసారి.